1991 నాటి స్టీలు మౌంటెన్ బైకు: మార్చాలా, అమ్మాలా, తొక్కాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ఫ్రీమాంట్‌లో మీ పెదనాన్నగారు గరాజ్ సర్దుతూ తన 1991 నాటి స్టీలు మౌంటెన్ బైకు మీకిచ్చేశారు. టైర్లు పగిలాయి, గేర్లు పడట్లేదు. దానికి షాక్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లలో స్ప్రింగులున్నది), డిస్కు బ్రేకులు వేయించి ఇప్పటి బైకులా తయారు చేద్దామా, లేక ఎంతో కొంతకి వదిలించుకుని కొత్తది కొనుక్కుందామా అని మీ సందేహం. పనిలో పనిగా "షాకుల్లేని ఈ బండ్లతో అప్పట్లో కొండలు ఎలా దిగేవాళ్లండీ?" అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. అమ్మకండి. ఫోర్కు మార్చకండి. రబ్బరు, వైర్లు, గ్రీజు మార్చండి, తొక్కండి. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ విషయం దొరికితే నేను ఓ పట్టాన ఆగను. కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

కూపర్టినో అనగానే మనవాళ్లకి ఆపిల్ ఆఫీసు, స్కూళ్లు, ఇళ్ల ధరలు గుర్తొస్తాయి. మౌంటెన్ బైకు కథలోనూ ఆ ఊరికి వాటా ఉంది. అక్కడ మారో డర్ట్ క్లబ్ అని కొందరు కుర్రాళ్ల ముఠా ఉండేది. పాత బెలూన్ టైరు సైకిళ్లకి డిరైలర్ గేర్లు (చైనుని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టేవి), హ్యాండిల్ మీద బొటనవేలితో తోసే లివర్లు, గట్టి బ్రేకులు వాళ్లే బిగించుకున్నారు. 1974 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మెరిన్ కౌంటీలో ఒక సైక్లోక్రాస్ పందేనికి, అంటే మట్టి దారుల సైకిలు పందేనికి, ఆ బళ్లతోనే వెళ్లారు. అక్కడి కుర్రాళ్లు అప్పటికే టమల్పైస్ కొండ మీద పాత సైకిళ్లతో దిగుతున్నారు. కానీ వాటికి గేర్లు లేవు. పైకి నెట్టుకుంటూ వెళ్లడం, కిందికి దూకించడం, అంతే. కూపర్టినో వాళ్ల గేర్లు చూశాక వీళ్లకి బుర్ర వెలిగింది. ఆ తర్వాత గేరీ ఫిషర్ లాంటి మెరిన్ కుర్రాళ్లు తమ బళ్లకీ గేర్లు తగిలించారు. పేరు మెరిన్ వాళ్లకి దక్కింది, కూపర్టినో వాళ్లు కథలోంచి జారిపోయారు. ఇప్పుడు చరిత్ర తవ్వేవాళ్లు వాళ్లని మళ్లీ బయటికి తెస్తున్నారు. మంచిదే.

ఆ పాత సైకిళ్లు ఎక్కడివి అంటారా? ష్విన్ కంపెనీ 1933లో లావు బెలూన్ టైర్లు తెచ్చింది. పేపర్లు వేసే పిల్లలు, బడి పిల్లలు తొక్కే బళ్లకి వేశారు. 26 అంగుళాల చక్రం, రెండంగుళాల పైచిలుకు వెడల్పు టైరు. డెబ్భైల నాటికి అవి గుజరీ సరుకు, పది పాతిక డాలర్లకి దొరికేవి. మెరిన్ కుర్రాళ్లు అందులో ష్విన్ ఎక్సెల్సియర్ ఫ్రేము కోసం ఎగబడేవారు. బండి మొత్తం ఇరవై కిలోలకి తక్కువ తూగేది కాదు. ఇప్పుడు మీ పెదనాన్నగారి బైకు టైరు పక్క గోడ మీద చూడండి, 26 × 1.95 అనో 2.1 అనో ఉంటుంది. రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. ముప్పైల నాటి పేపరు కుర్రాడి సైకిలు కొలతే అది. చేతికి దొరికింది ఆ చక్రం కాబట్టి మౌంటెన్ బైకులన్నీ మూడు దశాబ్దాల పైన ఆ చక్రం మీదే నడిచాయి.

అసలు జాతర 1976 అక్టోబరు 21న మొదలైంది. మెరిన్‌లోనే ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కన ఒక మట్టి ఫైర్ రోడ్డు ఉంది, మంటలార్పే బళ్ల కోసం వేసింది. రెండు మైళ్ల చిల్లర దూరంలో 1,300 అడుగులు దిగుతుంది. ఫిషర్ స్నేహితుడు చార్లీ కెల్లీ అక్కడ పందెం పెట్టాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా వదలడం, పైన ఒక గడియారం, కింద ఒక గడియారం. ఆ బళ్లకి వెనక చక్రం హబ్బులోనే బ్రేకు ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పడుతుంది. కొండ కిందికి చేరేసరికి హబ్బు కాలిపోయి లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ విప్పి, తుడిచి, కొత్త గ్రీజు కూరితేగానీ ఇంకో దిగుడుకి పనికిరాదు. ఆ పని పేరు మీదే రోడ్డుకి రీప్యాక్, అంటే మళ్లీ కూరడం, అని పేరు. ఎప్పటికీ నిలిచిన రికార్డు గేరీ ఫిషర్‌ది, 4 నిమిషాల 22 సెకన్లు. రెండు సెకన్ల వెనక జో బ్రీజ్.

ఈ జో బ్రీజే 1977లో ఇక పాత ఫ్రేములు విరగ్గొట్టుకోవడం చాలని, ఈ పనికోసమే క్రోమోలీ అనే గట్టి స్టీలు గొట్టాలతో కొత్త ఫ్రేము కట్టాడు. మరుసటి ఏడాదికల్లా పది కట్టాడు. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ బళ్ల సామాను చూస్తే నవ్వొస్తుంది, ముచ్చటా వేస్తుంది. ఫ్రెంచి టూరింగ్ సైకిళ్ల క్రాంకులు, ఫ్రెంచి బ్రేకులు, వాటిని లాగడానికి మోటారుసైకిలు లివర్లు, జపాను గేర్లు. కొండకోసం ఎవరూ ఏదీ తయారు చేయని రోజుల్లో ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి బిగించుకున్నారు. తర్వాత టామ్ రిచీ ఫ్రేములు కట్టడం, 1979లో ఫిషర్, కెల్లీ వాటిని అమ్మే దుకాణం పెట్టడం, 1981లో స్పెషలైజ్డ్ వాళ్లు జపానులో చేయించిన స్టంప్‌జంపర్‌ని 750 డాలర్లకి అమ్మకానికి పెట్టడం, 1982లో షిమానో కొండ బళ్లకనే డియోర్ ఎక్స్‌టీ సామాను తేవడం, అన్నీ గబగబా జరిగిపోయాయి. కొలరాడోలో క్రెస్టెడ్ బ్యూట్ వాళ్ల కథ వేరే ఉంది. పాత సైకిళ్లతో 12,700 అడుగుల పెర్ల్ పాస్ దాటి ఆస్పెన్ వెళ్లారు, అదీ 1976లోనే. దాని గురించి ఇంకోసారి.

1990లో డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు. సరిగ్గా అప్పుడే రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 అని ముందు షాకు ఫోర్కు బజారులోకి వచ్చింది. రెండంగుళాల కంటే తక్కువ కదిలేది. ఆ ఏడాది డౌన్‌హిల్, అంటే కొండ దిగే పందెం, గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ దాంతోనే దిగాడు. అంటే మీ పెదనాన్నగారి 1991 బండి షాకుల్లేని గట్టి ఫోర్కు కాలానికి చిట్టచివరి వరసలోది. పదిహేనేళ్లలో నేర్చుకున్నదంతా అప్పటికి ఫ్రేములోకి వచ్చేసింది. షాకులు వచ్చి కొలతలన్నీ మార్చేయడం ఇంకా మొదలవ్వలేదు. అందుకే ఆ మూడు నాలుగేళ్ల బళ్లంటే నాకు పక్షపాతం, దాచుకోను.

నేను ఈ దేశం వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. దానికి ముందు సైకిలంటే తెనాలిలో గంటకింత అని అద్దెకిచ్చే ఇరవయ్యెనిమిది అంగుళాల నల్ల బండి. రాడ్ బ్రేకులు, కాలు అందక ఫ్రేములోంచి దూర్చి తొక్కడం, చైనుకి పంట్లాం చిక్కి చిరగడం. గేర్లున్న సైకిలంటే మాకు క్యాలెండరు బొమ్మ. తొంభైల్లో మన ఊళ్లలో రేంజర్ సైకిలు వచ్చి లావు టైర్లు, అడ్డ హ్యాండిలుతో కుర్రాళ్లని వెర్రెత్తించింది చూడండి, దాని తాతగారు ఈ మెరిన్ బండే. దానికి చాలామటుకు గేర్లు లేవు, కొండలూ లేవు, అయినా కాలేజీ ముందు దాని దర్జా దానిదే.

సన్నీవేల్‌లో ఉద్యోగం, అపార్టుమెంటులో నలుగురం. మాలో ఒకడు వాడేసిన బ్రిడ్జ్‌స్టోన్ ఎంబీ-2 ఒకటి పట్టుకొచ్చాడు. వాడు రెండు వారాలు తొక్కి, పిరుదులు నొప్పని నాకు అంటగట్టాడు. అదే ఇప్పటికీ నా దగ్గరుంది. బ్రిడ్జ్‌స్టోన్ సైకిళ్ల అమెరికా ఆఫీసు ఇక్కడే శాన్ లియాండ్రోలో ఉండేది. అక్కడ గ్రాంట్ పీటర్సన్ అనే ఆయన, జనం ఎటు పోతున్నా తనకి సరైందనిపించిందే బళ్లకి పెట్టేవాడు. యెన్ను ధర పెరిగిపోయి 1994లో ఆ దుకాణం ఎత్తేశారు. నా బండికి గొట్టాలు కలిసే చోట లగ్గులుంటాయి, అంటే స్టీలు తొడుగులు. వాటి అంచులు మొనదేలి, ఇత్తడి పోసి అతికిన గీత సన్నగా కనిపిస్తుంది. తల గొట్టం (ముందు ఫోర్కు దూరే గొట్టం) దగ్గర కుడిపక్క లగ్గు మొన మీద రంగు పోయి లోహం బయటపడింది. వైరు తొడుగు ఏళ్ల తరబడి అక్కడే ఒరుసుకుంది. రంగు వేయించమని మా ఆవిడ అంటూనే ఉంటుంది. నేను అక్కడ కాస్త మైనం రాసి వదిలేస్తాను.

శనివారం తెల్లారి స్టీవెన్స్ క్రీక్ రిజర్వాయర్ పక్క నుంచి మాంటెబెల్లో రోడ్డు ఎక్కేవాళ్లం. మొదట్లో తారు రోడ్డే కానీ తాతలు దిగొచ్చేవారు. ద్రాక్షతోటలు దాటాక గేటు, అక్కడ్నించి మట్టి. బ్లాక్ మౌంటెన్ శిఖరం 2,800 అడుగులు. పైన రాళ్ల మీద కూర్చుంటే ఒకపక్క మనం వారమంతా కొలువు చేసే లోయ, రెండోపక్క పొగమంచు కింద పసిఫిక్. డబ్బాలో పులిహోర. పక్కన ఎండు రొట్టె ముక్క నములుతున్న తెల్లాయన మా డబ్బా కేసి చూసే చూపు ఇంకా గుర్తుంది. పెట్టాం లెండి. మిరపకాయ కొరికి నీళ్లన్నీ తాగేశాడు.

దిగేటప్పుడు కేన్యన్ ట్రయిల్ మీదుగా స్టీవెన్స్ క్రీక్ లోయలోకి. వానాకాలంలో వాగులో నీళ్లు. బండి ఎత్తుకుని దాటడమే. దారి పొడుగునా పాయిజన్ ఓక్. ఆకు చూసి మన గోరుచిక్కుడేమో అనుకున్న మిత్రుడొకడు వారంపాటు గోక్కున్నాడు. మూడాకులు కలిసి మెరుస్తూ కనిపిస్తే పక్కకి జరగండి. మీరు కూడా.

ఆదివారం లివర్మోర్ గుడికి వెళితే మోచేతుల మీద చెక్కుళ్లు చూసి పెద్దవాళ్లు "ఏం నాయనా, ఇంకా కారు కొనలేదా?" అనేవారు. సైకిలు తొక్కేవాడంటే లేనివాడని లెక్క. కొండెక్కడానికి డబ్బు పెట్టి సైకిలు కొన్నామంటే మరీ పిచ్చాళ్లమని లెక్క. ఇప్పుడు అదే గుడి పార్కింగులో కార్ల వెనక ఆరేసి వేల డాలర్ల బైకులు వేలాడుతున్నాయి.

ఇక మీ ప్రశ్న, షాకుల్లేకుండా ఎలా దిగేవాళ్లమని. మోచేతులు, మోకాళ్లే షాకులు. పెడల్సు రెండూ నేలకి సమానంగా పెట్టి, సీటు మీంచి లేచి, మోకాళ్లు కొంచెం వంచి, మోచేతులు బయటికి విరిచి, బండిని కింద దాని మానాన ఆడనివ్వాలి. ఆ రోజుల బళ్లకి హ్యాండిలు కురచ, 560 - 580 మిల్లీమీటర్లు. హ్యాండిలుని ఫోర్కుకి కలిపే స్టెమ్ము పొడుగు, 130 పైనే. బరువంతా ముందు చక్రం మీదుంటుంది. ఎక్కుడులో ఇది వరం, ముందు చక్రం లేవదు. దిగుడులో అదే ప్రాణం తీస్తుంది. నిటారు దిగుడు వస్తే నడుము సీటు వెనక్కి పోవాలి, పొట్ట సీటుకి ఆనేంత. అందుకే సీటు దించుకునేవాళ్లం. ఇప్పుడు మీట నొక్కితే దిగే డ్రాపర్ పోస్టులకి జనం ఎంతెంతో పోస్తున్నారు. జో బ్రీజ్, ఇంకొకాయనా కలిసి ఎనభైల్లోనే హైట్-రైట్ అని ఒక స్ప్రింగు చేశారు. సీటు గొట్టానికి తగిలించి, క్విక్ రిలీజు (పనిముట్టు లేకుండా చేత్తో బిగించే మీట) వదిలి కూర్చుంటే సీటు దిగుతుంది. లేస్తే స్ప్రింగు దాన్ని పైకి నెడుతుంది, పక్కకి తిరగకుండా వరసలోనే. మీ బండికి సీటు పోస్టు దగ్గర వంకర తీగ లాంటిది ఉందేమో చూడండి. ఉంటే పీకి పారేయకండి, అదే ఇది.

రెండోది దారి ఎంచుకోవడం. పెద్ద షాకు ఉన్న బండి రాళ్ల మీంచి పోతుంది, ఇది రాళ్ల మధ్య నుంచి పోవాలి. చూపు చక్రం ముందు కాదు, నాలుగైదు బళ్ల పొడుగు అవతల ఉండాలి. మూడోది గాలి. రోడ్డు మీది లెక్కలో 50 - 60 పీఎస్‌ఐ కొడితే దంతాలు రాలతాయి. డెబ్భై కిలోల మనిషికి 2.1 టైరులో 32 - 35 చాలు. మరీ తగ్గిస్తే రాయికి రిమ్ము తగిలి ట్యూబుకి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. నాలుగోది వేగం. నిజం చెప్పాలంటే మేం అంత వేగంగా దిగలేదు. ముంజేతులు పది నిమిషాలకే రాళ్లయిపోయేవి, ఆగి దులుపుకుని మళ్లీ బయల్దేరేవాళ్లం. బ్రేకు లివరు మీద రెండు వేళ్లు, మిగతావి హ్యాండిలు మీద. మొత్తం గుప్పిట బ్రేకు మీద పెడితే తొలి గుంతకే చెయ్యి జారుతుంది.

షాకు ఫోర్కు ఎందుకు వద్దంటున్నానంటే, కొలతలు కలవవు. 1991 బండి గట్టి ఫోర్కు ఇరుసు నుంచి తల గొట్టం కింది అంచు దాకా సుమారు 400 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు దొరికే 100 మిల్లీమీటర్ల కదలిక ఉన్న 26 అంగుళాల ఫోర్కు 470 దాటుతుంది. ముందు భాగం డెబ్భై ఎనభై మిల్లీమీటర్లు లేస్తుంది. తల గొట్టం మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి వాలుతుంది, పెడల్ ఇరుసు అంగుళం దాకా పైకెక్కుతుంది, సీటు వెనక్కి పోతుంది. ఎక్కుడులో ముందు చక్రం అటూ ఇటూ ఒరిగిపోతూ ఉంటుంది. ఆ పొడుగు ఫోర్కు తల గొట్టం అతుకు మీద వేసే ఒత్తిడి, ఫ్రేము కట్టినవాడు లెక్కేసుకున్నది కాదు. పైగా మీ బండికి స్టీరర్ గొట్టం, అంటే తల గొట్టంలోకి దూరే ఫోర్కు పై భాగం, బహుశా ఒక అంగుళమో, అంగుళం మీద ఎనిమిదో వంతో, మరలున్న రకం. ఇప్పటి ఫోర్కుల్లో చాలావాటి గొట్టాలు అందులో దూరవు. డిస్కు బ్రేకు సంగతీ అంతే. ఫ్రేముకి బిగించే చోటు లేదు. అతికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రిమ్ము బ్రేకుకని చేసిన ఫోర్కు కాలు ఆ మెలిక తిప్పుడికి తట్టుకోదు. ఇంత ఖర్చు పెట్టాక చేతిలో మిగిలేది పాతదీ కాదు, కొత్తదీ కాదు.

ఇప్పుడు బాగుచేత. ముందు ఫ్రేము బతికుందో లేదో చూడాలి. కింది గొట్టం తల గొట్టానికి అతికే చోటుకి ఓ రెండంగుళాల వెనక, అడుగు వైపు వేలితో నిమరండి. రంగు ముడతపడినా, చిన్న ఉబ్బు తగిలినా బండి ఎప్పుడో ముందుకి గుద్దుకుందని అర్థం. అలాంటిదాన్ని కొండ మీదికి తీసుకెళ్లొద్దు. తర్వాత సీటు పోస్టు బయటికి లాగి లోపలికి టార్చి వేయండి. నీళ్లు దిగేది అక్కడ్నించే, చేరేది కింద పెడల్ ఇరుసు గూటిలోకి. పైపై తుప్పు ఫరవాలేదు, పొరలు పొరలుగా రాలితే చింతించాలి. ముప్పై ఏళ్లుగా పోస్టు కదపకపోతే అల్యూమినియం, స్టీలు ఒకదాన్నొకటి పట్టేసుకుని ఉండొచ్చు. సుత్తి తీయకండి. చొరబడే నూనె పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు సీటుతోనే నిదానంగా తిప్పి చూడండి. రాకపోతే ఓపిక పట్టి ఇంకో రెండు రోజులు.

మార్చాల్సినవి: టైర్లు, ట్యూబులు, బ్రేకు గేరు వైర్లు, వాటి తొడుగులు, బ్రేకు రబ్బర్లు. హ్యాండిలు బారు అల్యూమినియందైతే అదీ మార్చండి. చూడ్డానికి బాగానే ఉంటుంది, అలసిన అల్యూమినియం మాత్రం చెప్పకుండా విరుగుతుంది. బ్రేకు రబ్బర్లలో కూల్‌స్టాప్ వాళ్ల ఇటుకరంగువి వేయండి. పాతవి గాజులా గట్టిపడి రిమ్ముని గీకుతాయి తప్ప ఆపవు.

చైను కొలిచి చూడండి. పిన్ను నుంచి పిన్నుకి పన్నెండు జతల లింకులు (లోపలిదీ బయటిదీ కలిపి ఒక జత) సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్లు కూడా పోయాయని లెక్క. ఏడు గేర్ల సామాను ఇప్పటికీ దొరుకుతుంది, చవకే.

గేర్లు పడట్లేదన్నారు. హ్యాండిలు కింద రెండు మీటలుండే రాపిడ్‌ఫైర్ రకమైతే నూటికి తొంభై పాళ్లు విరగలేదు. లోపలి గ్రీజు ఎండి బంకైంది. ఆ బంకకి లోపలి కొక్కెం పళ్ల మీద పడటం లేదు. విప్పొద్దు, స్ప్రింగులు ఎగిరిపోతాయి. పల్చటి సాల్వెంటు లోపలికి బాగా కొట్టి, మీట వంద సార్లు టకటకలాడించండి. మురికి కారిపోయి క్లిక్కు మళ్లీ పలుకుతుంది. తర్వాత రెండు చుక్కలు పల్చటి నూనె. హ్యాండిలు పైన బొటనవేలి లివరైతే మీ అదృష్టం, దాంట్లో చెడటానికి ఏమీ లేదు.

హబ్బులు ఓవర్‌హాలింగ్ చేయించాలి. మన ఊరి సైకిలు షాపులో "ఓవరాయిలింగు" అనేవాళ్లు చూడండి, అదే పని. వెనక హబ్బులో పక్కకి తొమ్మిది చొప్పున పావంగుళం గోళీలు, ముందు హబ్బులో పక్కకి పది చిన్నవి. పాతవి వాడకండి, కొత్తవి కారుచౌక. గోళీలు ఆనుకుని తిరిగే శంకు లాంటి నట్టుని కోను అంటారు. దాని మీద వేలి గోరు నడిపితే ఎక్కడైనా గుంట తగిలిందా, కోనూ మార్చాలి. బిగింపులో ఒక కిటుకుంది. చక్రం చేతిలో ఉన్నప్పుడు ఇరుసులో వెంట్రుకవాసి ఆట ఉంచాలి. ఫ్రేములో పెట్టి క్విక్ రిలీజు నొక్కితే ఇరుసు కొంచెం కుంచించుకుని ఆ ఆట పోతుంది. చేతిలోనే ఆట లేకుండా బిగిస్తే బండిలో గోళీలు నలుగుతాయి. ఎడమ పెడలుకి, ఇరుసు గూటిలో కుడి కప్పుకి ఎదురు మర ఉంటుంది, మామూలు వైపు తిప్పి బలం చూపించకండి.

బ్రేకుల దగ్గర ఒక జాగ్రత్త, ఇది మాత్రం తప్పకుండా చదవండి. క్యాంటిలివర్ బ్రేకులో రెండు చేతుల్ని కలుపుతూ టైరు మీద ఒక అడ్డ తీగ ఉంటుంది, దాన్ని మధ్యలో పెద్ద వైరు పైకి లాగుతుంది. ముందు బ్రేకు పెద్ద వైరు తెగిందా, ఆ అడ్డ తీగ జారి ముళ్ల టైరు మీద పడి చక్రాన్ని పట్టేస్తుంది. మనిషి హ్యాండిలు మీంచి ఎగిరి పడతాడు. కొత్త బండ్లకి ముందు రిఫ్లెక్టరు బిగించే రేకు అక్కడే ఉండేది, అది తీగని కింద పడకుండా ఆపేది. సోకు కోసం అందరూ పీకేసేవారు. మీ పెదనాన్నగారు పీకేసి ఉంటే చిన్న కొక్కెం లాంటిదైనా ఒకటి అక్కడ బిగించండి. అడ్డ తీగని ఎంత కిందికి దించితే బ్రేకు అంత గట్టిగా పడుతుంది, కానీ లివరు మెత్తగా లోపలిదాకా వస్తుంది. మధ్యస్తంగా పెట్టుకోండి. రబ్బరు ముందు కొన రిమ్ముకి ముందుగా తగిలేలా ఒక్క మిల్లీమీటరు వాలు ఇస్తే అరుపు పోతుంది.

రంగు వేయించొద్దు. గొట్టాల మీది స్టిక్కర్లు గోకొద్దు. ఊదారంగు అల్యూమినియం బోల్టులు కనిపిస్తే నవ్వుకోండి, తొంభైల మొదట్లో అందరికీ పట్టిన పిచ్చి అది. ముందు పళ్ల చక్రం గుండ్రంగా కాక కోలగా ఉంటే వంగిపోయిందని కంగారు పడకండి, షిమానో బయోపేస్ అని కావాలనే అలా చేశారు. నచ్చకపోతే గుండ్రటిది వేసుకోండి, ఆ విషయంలో నాకే పట్టింపూ లేదు.

అమ్మితే ఎంతొస్తుందంటారా? జో బ్రీజ్ కట్టిన తొలి బ్రీజర్లు, రిచీ చేత్తో కట్టినవి, మొదటి స్టంప్‌జంపర్లు కొనేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల లెక్కలు వేరు. మామూలు 1991 బండికి వచ్చే డబ్బుతో ఇప్పటి మంచి టైర్ల జత వస్తే గొప్ప. మీ పెదనాన్నగారు దాన్ని అన్నేళ్లు గరాజులో ఉంచింది ఆ డబ్బు కోసం కాదు కదా. అడగండి ఆయన్ని, ఎక్కడెక్కడ తిరిగారో. ఫ్రీమాంట్ అంటున్నారు, మిషన్ పీక్ ఎక్కని వారం ఉండి ఉండదు.

కొండల మీద ఇప్పుడు రూల్సు ఎక్కువ. మెరిన్‌లో వేగం గంటకి 15 మైళ్లు, మనుషుల్ని దాటేటప్పుడు, మలుపుల్లో 5. ఒకప్పుడు సైకిళ్లని అసలు రానివ్వకూడదని గొడవలే జరిగాయి. ఆ వేడిలోనే 1988లో ఇంబా అని సైక్లిస్టుల సంఘం పుట్టింది. కాబట్టి గుర్రాలు, నడిచేవాళ్లు ఎదురైతే ఆగి దారివ్వండి. రీప్యాక్ రోడ్డు మీద ఇప్పటికీ సైకిళ్లు దిగొచ్చు. వెళితే ఫెయిర్‌ఫాక్స్‌లో 2015లో తెరిచిన సైకిలు మ్యూజియం చూసి రండి, మౌంటెన్ బైక్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా క్రెస్టెడ్ బ్యూట్ నుంచి అక్కడికే వచ్చింది. పెదనాన్నగారిని తీసుకెళ్లండి. గాజు వెనక తన బండి లాంటిది చూపించి మీకు గంట క్లాసు పీకుతారు, కాళ్లు నొప్పెట్టినా వినండి.

ఒక పని చేయండి. బండిని తిరగేసి పెడల్ ఇరుసు గూటి అడుగున కొట్టిన నంబరు రాసి పెట్టండి. వెనక చక్రం పళ్ల వైపు నుంచి దగ్గరగా ఫొటో తీయండి, ఇరుసు చుట్టూ ఉన్న గాడులు కనిపించాలి. పళ్లు వెనక్కి తిప్పినప్పుడు ఆ గాడులున్న రింగు కూడా వాటితో తిరుగుతోందా, కదలకుండా ఉందా చెప్పండి. తిరిగితే క్యాసెట్టు, ఆగితే ఫ్రీవీలు. రెంటికీ పనిముట్లు వేరు, తప్పు పనిముట్టు కొంటే ఇరవై డాలర్లు దండగ. ఫొటో చూసి ఏది కావాలో చెప్తాను.